అడిగిన మాటకు సగం జవాబు

తాండూరు గంజ్‌లో, అదే ధాన్యం మార్కెట్‌లో, కందుల కాలం వచ్చిందంటే నేల కనబడేది కాదు. పొద్దున్నే ఎడ్లబండ్లు బారులు తీరేవి. చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, అటు కన్నడం మాట్లాడే ఊళ్ల నుంచి కూడా వచ్చేవి. సంచులు దించడం, కుప్ప పోయడం, సేట్లు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూడడం, ధర పలకడం, మళ్లీ సంచుల్లోకెత్తి తూకం వేయడం. ఇంత జరిగాక కింద గింజలు రాలకుండా ఎలా ఉంటాయి? గంజ్ నేలంతా మా ఊరి నీలం బండలే. ఆ బండల సందుల్లో మట్టితో, పేడతో, బీడీ ముక్కలతో కలిసి కందులు ఇరుక్కునేవి. వాటిని ఊడ్చేది మేము.

మేమంటే ఏడుగురు ఆడవాళ్లం. మాకు కూలి లేదు. వాళ్లు ఇచ్చేవారు కాదు, మేం అడిగేవాళ్లం కాదు. గంజ్ అంతా శుభ్రంగా ఊడ్చిపెట్టాలి, ఊడ్పులో వచ్చిన గింజలు మావి. అదీ అక్కడి పద్ధతి. మా అత్తమ్మకు వాళ్ల అత్త చూపించింది, నాకు మా అత్తమ్మ చూపించింది. ఊడ్వడం ఎంత పని, అసలు పని తర్వాత ఉంటుంది. ఊడ్చిన కుప్పను జల్లించి, చెరిగి, రాళ్లు ఏరి, కడిగి, ఎండబెట్టి, విసిరితే గానీ పప్పు కాదు. వాటిలో పురుగు పట్టినవీ, కాళ్ల కింద నలిగినవీ ఎన్నో. అయినా మా ఏడిళ్లలో ఏడాది పొడుగునా పప్పు ఉడికిందంటే ఆ గింజలతోనే.

నేను వికారాబాద్ పిల్లను. పదో తరగతి దాకా చదివాను. మా ఆయన నాపరాళ్ల పాలిషింగ్‌లో పని చేసేవాడు. పెళ్లై వచ్చిన కొత్తలో అత్తమ్మ నా చేతికి చీపురిస్తే ఏడుపొచ్చింది. పదో తరగతి చదివింది ఈ దుమ్ములో గింజలేరడానికా అని. అత్తమ్మ నా ముఖం చూసి, "చదువుకున్నదానివి గద, లెక్కవెట్టుకుంట ఊడ్వు" అని నవ్వింది.

ఇంట్లో ఆమె నోరు అలాంటిది. గుమ్మం దాటితే వేరే మనిషి. కాస్త పెద్దవాడు ఎవరైనా గొంతు పెంచితే చాలు, సంగతేమిటో వినకముందే రెండు చేతులూ జోడించి "తప్పైంది" అనేసేది. రైల్లో ఎవరో ఆమె కాలు తొక్కి, ఆమెనే కసిరితే, దానికీ అదే మాట. నాకు ఒళ్లు మండేది. "నీ కాలు తొక్కింది వాడు గదనే అత్తమ్మా!" అంటే, "మీ వికారాబాదోళ్లకు మర్యాద తెల్వదు" అని నన్నే తిట్టేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి రోజులవి. గంజ్‌కు ఒక కొత్త సేటు వచ్చాడు. పాత సేటు దగ్గర కమీషన్ మీద సరుకు అమ్మే అడ్తి దుకాణం కొనుక్కుని, చూస్తుండగానే మిగతా సేట్లందరికీ పెద్దయ్యాడు. మనిషి నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడేవాడు కాదు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని మేం ఊడ్చి కుప్ప చేయడం తదేకంగా చూసేవాడు. మా ఒక్కో మూట చిన్నదే. కానీ సీజనంతా, ఏడు మూటలూ కలిపితే ఎన్ని సంచులవుతాయో ఆయన చూస్తున్నాడని మాకు తట్టలేదు.

ఒకరోజు ఊడ్పు ముగించి మూటలు నెత్తిన పెట్టుకుని గేటు దాటుతుంటే ఠాణా జమేదార్ ఆపాడు. సేటు ఫిర్యాదు చేశాడట. తన కుప్పల్లోంచి మేం కందులు దొంగిలిస్తున్నామట. అందరినీ ఠాణాకు తీసుకెళ్లి, మూటలు అక్కడ పెట్టించుకుని, మగవాళ్లను పిలిపించి జామీను మీద వదిలారు. జమేదార్ మూట విప్పి చూసినప్పుడు అందులో గింజల కన్నా మట్టే ఎక్కువుంది. కుప్పలోంచి తీసుకునేవాళ్లు మట్టితో సహా ఎందుకు తీసుకుంటారని అడిగాను. "గవన్ని కోర్టుల చెప్పుకో" అన్నాడు.

కోర్టు వికారాబాద్‌లో. పేషీకి ముందు జమేదార్ మా వాడకు వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"లేదని మొండికేస్తె ఏండ్లకేండ్లు పేషీలు తిరగాలె. దొంగతనం కేసు, జైలు గూడ పడొచ్చు. ఒప్పుకుంటె ఒక్కపూటల అయిపోతది. జుర్మానా వేస్తరు, కోర్టు లేచేదాంక వరండల కూసోమంటరు, గంతే. జుర్మానా గూడ మీరు కట్టుడు లేదు. సేటే కడ్తనన్నడు."

"కేసు వెట్టినోడే జుర్మానా కడ్తడా? ఎందుకు?" అన్నాను.

"ఆయన మంచోడు గనుక."

"మంచోడైతె కేసెందుకు వెట్టిండు?"

జమేదార్ నా వైపు చూడకుండా అత్తమ్మతో, "నీ కోడలికి జర నోరెక్కువున్నది" అన్నాడు. అత్తమ్మ చేతులు జోడించి, "తప్పైంది సాబ్. చదువుకున్నది, ఏం జేస్తం" అంది.

ఆయన వెళ్లాక నేను అందరికీ చెప్పి చూశాను. ఒప్పుకుంటే మనం దొంగలమని మనమే అన్నట్టు, ఆ మాట కోర్టు కాగితంలో రాసుకుంటారు, దానితో సేటుకు ఏదో పని ఉంది కాబట్టే జుర్మానా కడతానంటున్నాడు అని. ఎవరికీ ఎక్కలేదు. ఒకామెకు చంటిపిల్ల. ఇంకొకామె భర్త గనిలో కాలు విరిగి మంచంలో ఉన్నాడు. పేషీల చుట్టూ తిరిగే దమ్ము ఎవరికుంది? వాళ్లను నేనేమీ అనను. అత్తమ్మ మాత్రం, "పెద్దమనిషి ముంగట తలకాయ వంచితె ఏం వోతది? వంచినంక ఆయనే ఇడిసిపెడ్తడు. నువ్వు గూడ గట్లనే అను" అంది. నేను అననని అప్పుడే చెప్పాను.

పేషీ రోజు పాసింజర్ రైలెక్కి వికారాబాద్‌లో దిగాం. అత్తమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. ఆమె అదివరకు కోర్టు చూడలేదు. ఎత్తుగా కూర్చున్న మేజిస్ట్రేటును చూసి, చెప్పులు గుమ్మం బయటే విడిచింది. మేజిస్ట్రేటు నడివయసు మనిషి, పుస్తకం చదువుతున్నట్టుండే తెలుగు. గబగబా చదివాడు. ఫలానా రోజున ఫలానా సేటుకు చెందిన కందులను దొంగిలించి తీసుకుపోతుండగా పట్టుబడ్డారని ఆరోపణ. తర్వాత తలెత్తి మొదటి ముద్దాయిని, అంటే మా అత్తమ్మను, అడిగాడు.

"నేరం ఒప్పుకుంటున్నావా?"

అత్తమ్మ చేతులు జోడించి నడుము వంచింది. "తప్పైంది దొరా, నీ బాంచన్."

మేజిస్ట్రేటు తల దించుకుని రాసుకున్నాడు. అత్తమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది. ఇంకేదో చెప్పబోతోందని పక్కన నిలబడ్డ నాకు తెలుస్తూనే ఉంది. ఈలోగా కోర్టు జవాను, "అయిపాయె, పక్కకు జరుగు" అని చేత్తో చూపించాడు. ఆమె నోరు మూసుకుని జరిగింది. రెండో ఆమె కూడా అత్తమ్మ ఏమన్నదో అదే అంది. మూడో ఆమె, నాలుగో ఆమె, అందరూ అంతే. కోర్టులో అలా అనాలేమో అనుకుని ఉంటారు. జవానుకు మళ్లీ చెప్పే పని లేకుండా వాళ్లే పక్కకు జరిగారు.

చివర నేను. కోపమే లేకపోతే నేనూ తప్పైంది అనేదాన్నేమో. సేటు గుమాస్తా వెనక బల్ల మీద కూర్చుని, డబ్బు సంచి ఒళ్లో పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. వాణ్ణి చూస్తే కోపం వచ్చింది.

"నేరం ఒప్పుకుంటున్నావా?"

"లేదు సార్. నేను దొంగతనం చేయలేదు. మేము గంజ్ ఊడుస్తాం. ఊడ్చిన గింజలు మావి."

కలం ఆగింది. "మిగతా అందరూ ఒప్పుకున్నారమ్మా" అన్నాడు మేజిస్ట్రేటు. కసరలేదు, గుర్తు చేసినట్టు అన్నాడు.

"నేను ఒప్పుకోను సార్."

వకీలు ఉన్నాడా అని అడిగాడు. లేడన్నాను. పెట్టుకోమని చెప్పి, నా కేసును విడదీసి పేషీ వేశాడు. మిగతా ఆరుగురికీ, జమేదార్ చెప్పినట్టే, జుర్మానా, కోర్టు లేచేదాకా శిక్ష. గుమాస్తా లేచి వెళ్లి జుర్మానా కట్టి వచ్చాడు. నాకు వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంది గానీ వాళ్లను వదిలి ఎక్కడికి పోను? వరండాలో వాళ్ల పక్కనే కూర్చున్నాను. అత్తమ్మ నాతో మాట్లాడలేదు. రైల్లో మాత్రం దులిపేసింది. "అందరం ఒక్కతీరుగ ముగిచ్చుకొని వొయ్యేది ఉండె. దొర ముంగట గట్ల లేదంటరా? రేపటికెల్లి నువ్వొక్కదానివే తిరుగు!"

మర్నాడు ఎప్పటిలాగే చీపుళ్లు, చాటలు తీసుకుని గంజ్‌కు వెళ్లాం. కేసు ముగిసింది కదా, ఇక పని చేసుకోవచ్చనే వాళ్ల ఆలోచన. గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. మాకు తెలిసినవాడే, రోజూ మా దగ్గర తమలపాకు అడిగి వేసుకునేవాడు.

"దొంగలను లోపలికి రానియ్యద్దన్నడు సేటు" అన్నాడు.

"ఎవరురా దొంగలు?" అంది అత్తమ్మ.

"కోర్టుల రాసిండ్రు గద."

"ఎవరు రాసిండ్రు? ఎవరన్నరు మేం దొంగలమని?"

అతను ఇబ్బందిగా నేల చూశాడు. "మీరే అన్నరంట గద పెద్దమ్మా. ఒప్పుకున్నరంట గద."

లోపల సేటు మనుషులు మా నేలను ఊడుస్తున్నారు. ఊడ్పు గింజలను సంచిలోకెత్తుతున్నారు. జుర్మానా ఎందుకు కట్టాడో అప్పుడు అందరికీ అర్థమైంది. తరాల పద్ధతిని సేటు తన నోటితో దొంగతనమంటే గంజ్‌లో హమాలీలే నవ్వేవారు. మా నోటితోనే అనిపించాడు. దానికి ఆయన పెట్టిన ఖర్చు ఆ జుర్మానా.

అత్తమ్మ తిరిగి ఇంటికొచ్చి చీపురు మూలకు పెట్టింది. చాలా రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఇంట్లో పప్పు అయిపోయాక అన్నంలో కారం కలుపుకుని తిన్నాం. ఒకరోజు ముద్ద కలుపుతూ, తలెత్తకుండా, "నీ పేషీ ఎప్పుడు?" అని అడిగింది. నేను చెప్పాను. "నేను గూడ వస్త" అంది.

వికారాబాద్‌లో మా పుట్టింటి వాడకు దగ్గర్లో ఒక ముసలి వకీలు ఉండేవాడు. అందరూ వకీలు సాబ్ అనేవారు. సంగతంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"చూడమ్మా, కోర్టుల కేసు రుజువు చేసే బరువు ఫిర్యాది మీద ఉంటది. సాక్షులను తేవాలె, వాళ్లను మేం సవాళ్లు అడుగుతం. ముద్దాయి ఒప్పుకున్నడంటె గా బరువంత దిగిపోతది. సాక్షి లేదు, సవాల్ లేదు. గందుకే పోలీసోళ్లకు, సేట్లకు, కోర్టుకు గూడ ఒప్పుకునేటోళ్లంటె ఇష్టం. పని జల్దీ అయితది."

"మా అత్తమ్మ వాళ్లది మళ్లీ విచారించమని అడగొచ్చా?"

"ఒప్పుకున్నదానికి అప్పీలు ఉండదమ్మా. వాళ్ల కథ ఖతం. ఇంక మీ గంజ్ ఊడ్పు దొంగతనమా కాదా అన్నది నీ ఒక్క కేసుల తేలాలె. ఓపిక ఉన్నదా?"

ఉందన్నాను. నిజానికి నాకు ఓపిక లేదు. పుట్టుకతోనే లేదు. కానీ మొండితనం కావలసినంత ఉంది, కోర్టు పనికి అది సరిపోతుందని తర్వాత తెలిసింది. పేషీకి వెళ్తే సేటు రాడు. మరోసారి వెళ్తే సర్కారు వకీలు రాడు. ఇంకోసారి మేజిస్ట్రేటు సెలవు. రెండేళ్ల నా కూతుర్ని చంకనేసుకుని పాసింజర్ ఎక్కడం, వరండాలో సాయంత్రం దాకా కూర్చోవడం, వాయిదా అని వింటే తిరిగి రైలెక్కడం. ప్రతిసారీ అత్తమ్మ నాతో వచ్చింది. ఆమెకు అక్కడ పని లేదు. అయినా గుమ్మం పక్కన కూర్చుని, లోపల ఒక్కో ముద్దాయిని ఏమడుగుతున్నారో, వాళ్లేమంటున్నారో చెవులు రిక్కించి వినేది. అడవిలో కట్టెలు కొట్టారని అనంతగిరి వైపు నుంచి పట్టుకొచ్చిన వాళ్లు, పేకాట కేసులవాళ్లు, సైకిలుకు దీపం లేనివాళ్లు. ఎవరైనా గబుక్కున ఒప్పుకుంటే, "అయ్యో, చెప్పనియ్యకపాయె" అని తనలో తను అనుకునేది.

ఎండాకాలం వచ్చింది. కరెంటు కోతలతో పాలిషింగ్ మిషన్లు ఆగిపోయాయి, మా ఆయనకు పని లేదు. పిల్లకు జ్వరం పట్టుకుని వదలడం లేదు. సరిగ్గా అప్పుడే తాండూరు స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే సేటు గుమాస్తా వచ్చాడు. పక్కనే జమేదార్.

"సేటు ఒక మాట చెప్పుమన్నడు" అన్నాడు గుమాస్తా. "ఇగ సాక్షులు, సవాళ్లు ఎందుకు? ఇయ్యాల నువ్వు గూడ ఒప్పుకో. సర్కారు వకీలుతోని మాట్లాడినం. జుర్మానా గూడ ఉండది, మొదటి తప్పని మందలిచ్చి ఇడిసిపెడ్తరు. మల్ల గంజ్‌ల గేటు నీకు తీస్తం. గంజ్ అంత నువ్వొక్కదానివే ఊడ్సుకో. గింజలన్ని నీవే."

"మా వాళ్లకు?"

"గది అడగకు. నీ సంగతి నువ్వు జూస్కో."

రైలు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక అత్తమ్మకు చెప్పాను. ఆమె పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్లో పిల్ల ఒళ్లు కాలిపోతోంది. "ఒప్పుకో పిల్లా" అంది. "మా ఆరుగురిది ఎట్లనో అట్లాయె. నీ ఇంట్లనన్న పొయ్యి మీద పప్పు ఉడుకుతది. నేనేం అనుకోను."

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నది, అదే నాకు తట్టుకోలేనిది. ఒప్పుకుంటే ఏమవుతుందో రైలంతా ఆలోచించాను. పిల్లకు మందులొస్తాయి, ఇల్లు గడుస్తుంది. నిజంగానే ఆశ పుట్టింది, అబద్ధమెందుకు? కానీ ఒప్పుకున్న రోజు నుంచి ఆ నేల మీద గింజలు సేటు దయ అవుతాయి. ఆయన ఇస్తే నావి, వద్దంటే దొంగసొత్తు. పైగా మా అత్తమ్మ గేటు బయట నిలబడి ఉండగా నేను లోపల ఊడ్వాలి. వికారాబాద్‌లో దిగేసరికి నా మనసు గట్టిపడింది.

"నేను ఒప్పుకోనత్తమ్మా. ఇంకోసారి ఒప్పుకోమని నువ్వు గూడ అనకు" అన్నాను.

"నీ ఇష్టం" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నీది మా అత్త మొండితనం. యాడికెల్లి వచ్చిందో నీకు" అంది.

విచారణ మొదలైంది. సేటు తరఫున తూకం వేసే అతను సాక్ష్యం చెప్పాడు. మేం రోజూ మూటలు తీసుకెళ్లడం చూశానన్నాడు. వకీలు సాబ్ అతన్ని రెండే రెండు మాటలడిగాడు. వీళ్లకు ఊడ్చినందుకు కూలి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరన్నాడు. మరి ఊరికే ఎందుకు ఊడుస్తారు? అతను సేటు వైపు చూశాడు. "గింజల కోసం" అన్నాడు. అంతకంటే అబద్ధమాడడం అతనికి చేతకాలేదు.

మా తరఫున సాక్షిగా వకీలు సాబ్ మా అత్తమ్మను నిలబెట్టాడు. నాకు భయం వేసింది. అక్కడ నిలబడగానే మళ్లీ తప్పైంది అనేస్తుందని. సర్కారు వకీలు లేచాడు.

"ఇదే కోర్టులో, ఇదే కేసులో నువ్వు నేరం ఒప్పుకున్నావా లేదా?"

"ఒప్పుకున్న దొరా."

"ఒప్పుకుని, ఇప్పుడు దొంగతనం కాదంటావా? అప్పుడన్నది అబద్ధమా, ఇప్పుడన్నది అబద్ధమా?"

వకీలు సాబ్ లేవబోయాడు. అత్తమ్మ ఆయన్ని చేత్తో ఆపింది.

"రెండు అబద్ధం గాదు దొరా. మా దిక్కు పంచాయితి కూసుంటె ఎవరన్న సరే, నిలవడంగనే తప్పైందంటరు. తప్పు జేసినోడు అంటడు, చెయ్యనోడు గూడ అంటడు. పెద్దమనుషుల పని చెడగొట్టి పిలిపిచ్చుకుంటిమి గద, గందుకు అంటం. అది అన్నంకనే, సరె ఏం జరిగిందో చెప్పు అంటరు. అప్పుడు చెప్పుకుంటం. నేను ముందటి మాట అన్న. ఎనుకటి మాట చెప్పబోయిన. పక్కకు జరుగుమన్నరు. జరిగిన."

రాసుకుంటున్న మేజిస్ట్రేటు కలం కింద పెట్టాడు. ఆ రోజు ప్రశ్న అడిగిందీ, ఆమె జవాబు రాసుకుందీ ఆయనే. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడు చెప్పమ్మా" అన్నాడు.

చెప్పింది. పెళ్లైన ఏడాది వాళ్ల అత్త ఆమెను గంజ్‌కు తీసుకురావడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వాళ్లు జ్వరమొచ్చి రెండ్రోజులు రాకపోతే పాత సేటు వాళ్లింటికి మనిషిని పంపడం, ఊడ్వకపోతే మర్నాటి బండ్లు లోపలికి రావని తిట్టడం, ఎవరైనా కుప్ప మీద చెయ్యి వేస్తే వాళ్లను తామే గంజ్ నుంచి వెళ్లగొట్టడం, కింద పడ్డ గింజకూ కుప్పలోని గింజకూ మధ్య ఒక్కనాడూ పొరపాటు పడకపోవడం. మేజిస్ట్రేటు మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

మళ్లీ కందుల కాలం రాకముందే తీర్పు వచ్చింది. ఊడ్పు గింజలు తీసుకోవడం అక్కడి ఏళ్లనాటి ఆనవాయితీ, ఆ ఆడవాళ్లది దొంగబుద్ధి కాదు, ముద్దాయి నిర్దోషి అని చదివాడు. నేను వకీలు సాబ్ చేతులు పట్టుకుని ఏడ్చాను. వారం తిరక్కుండా ఏడుగురం గంజ్ గేటు దగ్గరకు వెళ్లాం. కాపలావాడు నన్నొక్కదాన్నే రమ్మన్నాడు. ఊడ్పు దొంగతనం కాదని తేలాక అది నేను ఊడ్చినా కాదు, వాళ్లు ఊడ్చినా కాదు, అందరం పోతాం, లేదంటే మళ్లీ వికారాబాద్ పోయి కోర్టునే అడుగుతానని గేటు ముందే అరిచాను. హమాలీలు పని ఆపి చుట్టూ మూగారు. సేటు అరుగు మీంచి చెయ్యి ఊపాడు. కర్ర తీశారు.

అందరూ సంతోషంగా ఉన్నారు, అత్తమ్మ తప్ప. ఊడ్వడం ఊడుస్తోంది గానీ మనసు అక్కడ లేదు. కొన్నాళ్లకు ఒక పొద్దున మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"వికారాబాద్ పోవాలె. నడువు."

"ఎందుకు? కేసు అయిపోయింది గదా."

"నీది అయిపాయె. నేనింక దొంగనే గద కాగితంల? అంత చెప్పిన గద ఆనాడు. మరి నాది ఎందుకు కొట్టెయ్యలె?"

వకీలు సాబ్ చెప్పిందే మళ్లీ చెప్పాను. ఒప్పుకున్నదానికి అప్పీలు లేదని. "అప్పీలు గిప్పీలు నాకెందుకు? దొరనే అడుగుత" అంది. ఇంక ఆగే మనిషి కాదు. తోడు వెళ్లాను.

కోర్టు నడుస్తోంది. ఆమె తిన్నగా వెళ్లి ముద్దాయిలు నిలబడే చోట నిలబడింది. జవాను, నీకు పేషీ లేదు బయటికి నడువమని చెయ్యి పట్టుకోబోయాడు. మేజిస్ట్రేటు గుర్తుపట్టి అతన్ని ఆగమన్నాడు.

"ఏమ్మా?"

"నాడు నన్నొక మాట అడిగితివి దొరా. గా మాటనే ఇంకొక్కపారి అడుగు."

ఆయనకు వెంటనే అర్థమైంది. నెమ్మదిగా, "అమ్మా, దాని మీద నేను సంతకం పెట్టేశాను. మళ్లీ అడిగే అధికారం నాకు లేదు" అన్నాడు.

"ఎవరికున్నది?"

ఆయన ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. నేను అత్తమ్మ భుజం మీద చెయ్యి వేసి, పోదాం పద అన్నాను. ఆమె నా చెయ్యి తీసేసింది. చేతులు జోడించలేదు, నడుము వంచలేదు.

"నువ్వు అడగకుంటె మానె. నేను చెప్త. నేను దొంగతనం చెయ్యలె. మా అత్త చెయ్యలె. నా కోడలు చెయ్యలె. ఊడ్చినం, ఏరుకున్నం, వండుకున్నం. గంతే."

కోర్టులో అన్న మాటలు రాసుకునే పేష్కారు కలం ముట్టుకోలేదు. మేజిస్ట్రేటు ఆమె ముగించేదాకా విన్నాడు, తర్వాతి కేసు పిలవమన్నాడు.